చవకగా తిరగాలంటే ఏ స్కూటర్? నల్గొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బండ్లు బాగుచేసే చోట రోజూ వినపడే మాట "ఏ స్కూటీ మంచిదన్నా?" అని. పేరు చెప్పడం తేలికే. కానీ రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఏ రోడ్డు మీద, వెనక ఎంత బరువుతో అన్నది చెబితే గానీ మీకు ఏది చవకో తేలదు. షోరూంలో పది వేలు తక్కువకు వచ్చిన బండి మూడేళ్లు తిరిగేసరికి తడిసి మోపెడవడం కొత్తేమీ కాదు. కింది లెక్కలన్నిటికీ పెట్రోలు లీటరు 108 రూపాయలు అనుకున్నాను. రేటు మారితే ఆ ఒక్క అంకె మార్చుకోండి.

ఎక్కువ మైలేజీ ఇచ్చే స్కూటర్ ఏది?

మైలేజీ ఒక్కటే కావాలంటే స్కూటర్ వద్దు, వంద సీసీ గేర్ల బండి కొనండి. 110 సీసీ స్కూటర్ ఏ కంపెనీదైనా మన రోడ్ల మీద లీటరుకు 45 నుంచి 50 కిలోమీటర్లు ఇస్తుంది. వంద సీసీ గేర్ల బండి 60 నుంచి 65 ఇస్తుంది. ఇంజన్లు ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఇంజన్ బలం వెనక చక్రానికి చేరే దారిలో ఉంది. గేర్ల బండికి చైను ఉంటుంది. స్కూటర్‌కు రెండు పుల్లీలు, మధ్యలో రబ్బరు బెల్టు. ముందు పుల్లీలో ఉండే రోలర్లు వేగం పెరిగేకొద్దీ బయటికి జరిగి బెల్టును పైకి నెడతాయి, గేరు మారినట్టు అవుతుంది. చేతికి సుఖమే కానీ బెల్టు రాపిడిలో, క్లచ్ జారుడులో కొంత బలం వేడిగా పోతుంది.

ఇక యాక్టివానా, జూపిటరా, యాక్సెస్సా అంటే వాటి మధ్య తేడా రెండు మూడు కిలోమీటర్లే. టైర్లో గాలి తగ్గితే అంతకంటే ఎక్కువే పోతుంది.

మహబూబ్‌నగర్ నుంచి పోలేపల్లి కంపెనీకి డ్యూటీకి పోయొస్తాను. రోజుకు 40 కిలోమీటర్లు. ఏది గిట్టుబాటు?

నెలకు 26 రోజుల డ్యూటీ అంటే 1,040 కిలోమీటర్లు. 50 ఇచ్చే పెట్రోలు స్కూటర్‌కు దాదాపు 21 లీటర్లు, సుమారు 2,250 రూపాయలు. 65 ఇచ్చే గేర్ల బండికి 16 లీటర్లు, 1,730 రూపాయలు. ఎలక్ట్రిక్ స్కూటర్ గోడ ప్లగ్గు నుంచి కిలోమీటరుకు 30 నుంచి 35 వాట్-అవర్లు లాగుతుంది. ఛార్జర్ వేడిలో పోయేది కూడా ఇందులోనే కలిపాను. నెలకు 36 యూనిట్లు. యూనిట్ 5 రూపాయల 10 పైసల శ్లాబులో ఉంటే 185 రూపాయలు, 7 రూపాయల 70 పైసల శ్లాబులో ఉంటే 280 లోపు.

అంటే ఎలక్ట్రిక్ మీద నెలకు రెండు వేలు మిగులుతుంది. పెట్రోలు బండి కంటే పాతిక వేలు ఎక్కువ పెట్టి కొన్నా ఏడాది దాటగానే తేడా తీరిపోతుంది. మీలాగా రోజూ అదే దారిన, అదే దూరం, తిరిగొచ్చి ఇంట్లోనే బండి పెట్టేవాళ్లకు ఎలక్ట్రిక్‌కు మించింది లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. రాత్రి షిఫ్టులో జడ్చర్ల దాటి నేషనల్ హైవే మీద లారీల మధ్య పోవాలి కాబట్టి 60 వేగాన్ని నిలకడగా లాగగలిగే మోటారు ఉండాలి. 45 దగ్గరే ఆగిపోయే చిన్న బండి ఆ రోడ్డుకు పనికిరాదు.

నేను రోజుకు పది కిలోమీటర్లే తిరుగుతాను. నాకూ ఎలక్ట్రిక్కేనా?

డబ్బు కోసమే అయితే తొందర లేదు. నెలకు 300 కిలోమీటర్లకు పెట్రోలు 650 రూపాయలు, కరెంటు 60, 80 రూపాయలు. మిగిలేది 570. పాతిక వేల తేడా తీరడానికి మూడున్నరేళ్లు పైనే పడుతుంది. ఇంత తక్కువ తిరిగే వాళ్లకు మంచి సెకండ్ హ్యాండ్ పెట్రోలు స్కూటరే అన్నిటికంటే చవక. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర షాపు, పానగల్లులో ఇల్లు అనుకోండి, దానికి లక్ష పైచిలుకు పెట్టి కొత్త బండి ఎందుకు?

మా ఇంటికి జీరో కరెంటు బిల్లు వస్తుంది. స్కూటర్ ఛార్జింగ్ కూడా ఉచితమేనా?

ఎలక్ట్రిక్ కొన్న ఇళ్లలో ఎక్కువ టెన్షన్ ఇక్కడే వస్తోంది. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితేనే జీరో బిల్లు. 200 దాటితే దాటిన యూనిట్లకు మాత్రమే కాదు, మొత్తానికి కట్టాలి.

మీ ఇల్లు నెలకు 130 యూనిట్లు వాడుతుంటే స్కూటర్ 36 యూనిట్లు తిన్నా 166. బండి నిజంగానే ఉచితంగా తిరుగుతుంది. అదే ఇల్లు ఎండాకాలంలో కూలర్లతో 170 దాకా వచ్చిందనుకోండి. స్కూటర్‌తో కలిపి 206. ఇప్పటి శ్లాబుల ప్రకారం మొదటి 200కు 1,020 రూపాయలు, పై ఆరింటికి 46 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు అదనం. ఆరు యూనిట్ల కోసం వెయ్యి దాటిన బిల్లు! అప్పుడు కూడా పెట్రోలు ఖర్చులో ఇంచుమించు సగమే, అది వేరే మాట. రీడింగ్ తీసే తేదీ తెలుసుకొని, దానికి పది రోజుల ముందు మీటరు ఒకసారి చూసుకోండి. దాటేలా ఉంటే ఆ కొద్ది రోజులు డ్యూటీ దగ్గర ఛార్జింగ్ పెట్టుకునే వీలుందేమో అడగండి.

పొలంలో బోరు కనెక్షన్ నుంచి ఛార్జింగ్ పెడితే పోలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అది వ్యవసాయానికి ఇచ్చిన కరెంటు, వేరే పనికి వాడితే కేసు. పైగా ఆ లైన్లలో వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు ఛార్జరే ముందు పోతుంది.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, మా ఆవిడకు స్కూటర్ అవసరమా?

మంచి ప్రశ్న, బండ్లు అమ్మేవాళ్లు ఎవరూ గుర్తు చేయరు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. నకిరేకల్ నుంచి నల్గొండకో, దేవరకద్ర నుంచి మహబూబ్‌నగర్‌కో ఉద్యోగానికి పోయే ఆమెకు బస్సు టైముకు దొరికితే స్కూటర్ మీద రోజూ 40, 50 కిలోమీటర్లు పోవడం డబ్బు దండగ, నడుముకు శ్రమ. ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న నాలుగైదు కిలోమీటర్లే అసలు ఇబ్బంది. అంతవరకు ఇంట్లో ఉన్న పాత స్కూటీని బాగు చేయించి ఇవ్వండి, బస్టాండు దగ్గర పెట్టి పోతారు.

పాల క్యాన్లు, గడ్డి మోపు, యూరియా బస్తాలు వేసుకోవాలి. స్కూటర్ ఆగుతుందా?

ఆగదు. కొన్నాళ్లు లాగుతుంది, ఆ తర్వాత బెల్టు, క్లచ్ షూలు ఒకేసారి పోతాయి. 45 కిలోల యూరియా బస్తా కాళ్ల దగ్గర పెట్టుకుంటే కాళ్లు బయటికి చాపి నడపాలి, బ్రేకు వేసినప్పుడు నేల మీద ఆనించడానికి కాలు అందదు.

ఈ పనికి మన పల్లెల్లో టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్‌ను కొట్టింది లేదు. ఎక్సెల్ 100 ఇంజన్ 99.7 సీసీ, ఫోర్ స్ట్రోక్. గేర్లు లేవు, బెల్టూ లేదు. వేగాన్ని బట్టి దానంతట అదే పట్టుకునే క్లచ్, ఆ తర్వాత చైను. 16 అంగుళాల చక్రాలు. వెనక సీటు ఊడదీస్తే క్యాన్లు కట్టుకోవడానికి చదునైన చోటు. బండి బరువు 90 కిలోల లోపే కాబట్టి గట్టు మీద నుంచి ఒక్కడే ఎత్తి దించుకోగలడు. చూడటానికి బాగోదు, 50 దాటితే వణుకుతుంది, కుర్రాళ్లు ఎక్కమంటే మొహం తిప్పుకుంటారు. అయినా హాలియా, త్రిపురారం వైపు పొలాల గట్ల మీద పొద్దున్నే చూస్తే కనిపించేది అదే. చైను మీదికి మట్టి చేరకుండా చూసుకొని, వారానికోసారి తుడిచి నూనె పెట్టండి. దానికి మించి అడగదు.

మా దారి సగం మొరం, సగం గుంతలు. ఏ చక్రాలు మంచివి?

ముందు వెనక రెండూ 12 అంగుళాలు ఉన్నవి చూడండి. 10 అంగుళాల చక్రం గుంతలో పూర్తిగా దిగిపోతుంది, 12 సగం దిగి పైకి లేస్తుంది. జూపిటర్‌కు రెండూ 12. యాక్టివాకు ముందు 12, వెనక 10.

గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్ల సందు లేకపోతే వానాకాలంలో రేగడి మెత్తుకొని చక్రం తిరగనే తిరగదు. అక్కడ స్కూటర్ కంటే ఎక్సెల్, దానికంటే గేర్ల బండి మేలు.

వరికోతలప్పుడు రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రి పూట వాటి చుట్టూ రాళ్లు పెట్టి పట్టాలు కప్పుతారు. వడ్ల మీద చిన్న చక్రం బండికి బ్రేకు వేస్తే ఇసుక మీద వేసినట్టే జారుతుంది. ఆ నెలల్లో మిర్యాలగూడ వైపు చీకటి పడ్డాక తిరిగేవాళ్లు కొనేటప్పుడే హెడ్‌లైట్ చూడండి, సాయంత్రం ఆరు దాటాక టెస్ట్ రైడ్ అడగండి. మధ్యాహ్నం షోరూం ముందు తిప్పి చూస్తే లైటు సంగతి ఏం తెలుస్తుంది?

110 సీసీనా, 125 సీసీనా?

ఒక్కరే అయితే 110. ఎప్పుడూ ఇద్దరు ఎక్కేవాళ్లు, అచ్చంపేట దాటి మన్ననూరు ఎత్తులు ఎక్కేవాళ్లు 125 తీసుకోండి. ఇద్దరితో ఎత్తు ఎక్కేటప్పుడు 110ను పూర్తిగా తిప్పి పట్టుకోవాల్సి వస్తుంది, అప్పుడు 125 కంటే ఎక్కువ పెట్రోలు తాగుతుంది.

మన ఎండలకు ఎలక్ట్రిక్ బండి తట్టుకుంటుందా? పేలుతాయంటున్నారు.

2022లో దేశంలో చాలాచోట్ల బండ్లు కాలిపోయిన మాట నిజం. ఆ తర్వాత బ్యాటరీలకు ఏఐఎస్-156 అనే పరీక్షను కేంద్రం గట్టి చేసింది, 2022 డిసెంబర్‌లో ఒక విడత, 2023 మార్చిలో రెండో విడత అమల్లోకి వచ్చాయి. కొనే బండి, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ అయితే, ఆ తర్వాత తయారైనదా కాదా చూడండి.

నల్గొండలో మే నెలలో 45 డిగ్రీలు మామూలే. లిథియం బ్యాటరీకి వేడి మంచిది కాదు, అదీ నిండా ఛార్జ్ అయి ఎండలో నిలబడితే మరీ. మధ్యాహ్నం ఇంటికొచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి. నీడన ఒక గంట చల్లారనిచ్చి, వీలైతే రాత్రి పెట్టండి. రేకుల షెడ్డు కింద పార్కింగ్ అంటే అది నీడ కాదు, పొయ్యి. రోజూ 100 శాతం నింపాల్సిన పని లేదు, 80, 90 దగ్గర తీసేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. ఛార్జింగ్ పెట్టే సాకెట్ 15 ఆంపియర్లది, ఎర్తింగ్ ఉన్నది కావాలి. మన పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

కంపెనీ 120 కిలోమీటర్లు వస్తుందంటోంది. నిజమా?

చెప్పిన దాంట్లో 70, 75 శాతం లెక్క పెట్టుకోండి. బ్యాటరీ ఎన్ని కిలోవాట్-అవర్లో చూసి 30తో గుణించినా సరిపోతుంది: 3 అయితే 90, 2.2 అయితే 65. మీ రోజువారీ దూరం అందులో సగానికి దగ్గరగా ఉంటే నిశ్చింత. బ్యాటరీ నాలుగైదేళ్లకు కొంత తగ్గినా బండి పనికొస్తుంది.

దీనికంటే ముఖ్యమైన ప్రశ్న, సర్వీస్ సెంటర్ ఎక్కడుంది? పెట్రోలు బండి ఆగితే కొల్లాపూర్‌లోనైనా, మక్తల్‌లోనైనా ఎవరో ఒకరు విప్పి చూస్తారు. ఎలక్ట్రిక్ బండిలో కంట్రోలర్ (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె) పోతే ఊళ్లో మెకానిక్ ఏమీ చేయలేడు. అమ్మే షోరూం నల్గొండలో ఉండి, రిపేరుకు హైదరాబాద్ పంపుతామంటే ఆ బండి ఎంత చవకైనా వద్దు. బండి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే కాబట్టి వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి.

లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు తీసుకోవచ్చా?

మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 లోపు అయితేనే ఆ మినహాయింపు. ఊళ్లో కిరాణాకు, పొలానికి పెద్దవాళ్లకు బాగుంటాయి. కానీ షాపులో ఒక వైరు తీసేసి "ఇప్పుడు 45 పోతుంది సార్" అని ఇచ్చేవి ఉన్నాయి. ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. ప్రమాదం జరిగితే మొత్తం మీ మెడకే. సీసం బ్యాటరీలతో వచ్చేవి మన వాడకంలో ఏడాది, ఏడాదిన్నరకే నీరసపడతాయి.

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, 17 ఏళ్లు. స్కూటీ ఇవ్వొచ్చా?

వద్దు. 16 ఏళ్లకు తల్లిదండ్రుల అంగీకారంతో లైసెన్స్ ఇచ్చేది 50 సీసీ లోపు బండికే, అలాంటి స్కూటీలు ఇప్పుడు షోరూముల్లో లేవు. 18 నిండకుండా నడిపి దొరికితే బండి యజమానికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పైగా పిల్లకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. 25 వేగం దాటని చిన్న ఎలక్ట్రిక్ బండి, హెల్మెట్. అంతవరకే.

సెకండ్ హ్యాండ్ స్కూటర్ చూసేటప్పుడు ఏం చూడాలి?

పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడటమే సగం పరీక్ష.

స్టార్ట్ చేయకముందే సైలెన్సర్ మూతిలో వేలు పెట్టి తిప్పండి. పొడి మసి అంటితే పర్వాలేదు. జిగటగా, నూనె వాసనతో అంటితే రింగులు అరిగి ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ అయ్యాక యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తిప్పి వదలమనండి, వెనక నీలం పొగ లేస్తే ఇంజన్ ఓపెన్ చేయాల్సిందే. చలికాలం పొద్దున తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే దానికి భయపడక్కర్లేదు.

తర్వాత బెల్టు వైపు. మెయిన్ స్టాండ్ మీద కాదు, మీరు ఎక్కి నిలబడ్డ చోటి నుంచి నెమ్మదిగా కదిలించండి. కదిలేటప్పుడు బండి గడగడ వణికితే క్లచ్ పోయింది. ఇంజన్ గట్టిగా అరుస్తూ బండి మాత్రం తాపీగా కదిలితే బెల్టో రోలర్లో అరిగాయి. ముందు బ్రేకు పట్టుకొని హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపండి, టక్ టక్ అంటే కోన్ సెట్ (హ్యాండిల్ బేరింగులు) మార్చాలి. ఇవేవీ బండి వద్దనడానికి కారణాలు కావు, రేటు తగ్గించడానికి కారణాలు. వద్దనాల్సింది ఒక్కటే: కాళ్లు పెట్టుకునే ప్లేటు కింద ఛాసిస్ తుప్పు. మ్యాటు ఎత్తి, కిందికి వంగి ఫోన్ లైటుతో చూడండి. వెల్డింగ్ మచ్చలుంటే అక్కడితో వదిలేసి వచ్చేయండి.

మీటరు చూపించే కిలోమీటర్లను నమ్మకండి. టైరు పక్కన నాలుగంకెల తయారీ ముద్ర ఉంటుంది, 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారం. 2021 బండి మీటరు 9 వేలు చూపిస్తూ టైర్లు 2024వి అయితే, అసలు టైర్లు ఎన్ని వేల కిలోమీటర్లకు అరిగిపోయాయో అడగండి.

కాగితాలు? బండి నంబర్ ఏపీతో ఉంది.

ఏపీ 24 అయితే పాత నల్గొండ, ఏపీ 22 అయితే పాత మహబూబ్‌నగర్. రాష్ట్రం విడిపోకముందు ఇక్కడే రిజిస్టర్ అయినవి, తంటా లేదు. ఆ తర్వాత వచ్చినవి టీఎస్ 05, టీఎస్ 06. 2024 మార్చి నుంచి టీజీ. కానీ కర్నూలులో, రాయచూర్‌లో చవకగా దొరికిందని తెచ్చుకునే బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపాక చవక మిగలదు.

పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకాలు తీసుకొని బీరువాలో పెట్టుకోవడం మన దగ్గర అలవాటు. అమ్మేవాడికే ఎక్కువ ప్రమాదం. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదం కేసులో పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పేసింది. డబ్బు ఇచ్చే రోజే పేరు మార్పిడికి పెట్టండి, ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. ఫైనాన్స్ తీరిందా, చలాన్లు పెండింగ్ ఉన్నాయా అన్నవి డబ్బు ఇవ్వకముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి.

ఇంట్లో పదేళ్ల స్కూటర్ మూలన పడి ఉంది. బాగు చేయించుకోవాలా, అమ్మేయాలా?

ఛాసిస్ బాగుంటే చేయించండి. చవకగా తిరగడానికి ఇంతకంటే మంచి దారి చాలామందికి లేదు. తుక్కు కింద అమ్మితే నాలుగైదు వేలు వస్తాయి, అదే బండి చేయించుకుంటే ఇంకో అయిదేళ్లు తిరుగుతుంది.

పని ఏ వరసలో చేయాలన్నదే ముఖ్యం. ముందు ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోలు జిగురవుతుంది, ఇప్పటి పెట్రోల్లో ఉండే ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి ట్యాంకు అడుగు తుప్పు పడుతుంది. కార్బొరేటర్ విప్పి జెట్లు శుభ్రం చేయడం, పెట్రోల్ పైపులన్నీ మార్చడం, కొత్త ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, కొత్త బ్యాటరీ. ఇంతవరకు చేసి స్టార్ట్ చేసి చూడండి. పొగ లేకుండా నడిస్తే ఇంజన్‌ను ముట్టుకోకండి. "ఎట్లాగూ విప్పాం కదా, రీబోర్ కూడా చేసేద్దాం" అనే మాటకు ఊ కొట్టారంటే రెండు వేల పని పది వేలు దాటుతుంది.

తర్వాత బెల్టు, రోలర్లు, క్లచ్ షూలు చూసి అరిగినవి మార్చాలి. బెల్టు 20 వేల కిలోమీటర్లు దాటిందంటే పగుళ్లు కనపడకపోయినా మార్చేయండి. తెగితే ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, బండి కదలదు. వెనక గేర్ బాక్సులో సుమారు వంద మిల్లీలీటర్లు ఉండే గేర్ ఆయిల్‌ను మార్చాలని చాలామందికి తెలియదు, బండి పుట్టినప్పటి ఆయిలే ఉంటుంది. బ్రేక్ షూలు, కేబుళ్లు, టైర్లు చివర్లో. సీటు కవరు, పెయింటు డబ్బులు మిగిలితే చూద్దాం.

15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అయిదేళ్లకోసారి. గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటుంది. బ్రేకులు, లైట్లు సరిగ్గా లేకపోతే అక్కడే వెనక్కి పంపుతారు.

నాన్నగారి పాత చేతక్?

ఇష్టం కొద్దీ అయితే చేయించుకోండి, చవక కోసం మాత్రం కాదు. బజాజ్ పాత స్కూటర్ల తయారీ ఎప్పుడో ఆపేసింది, ఇప్పుడు చేతక్ పేరుతో వచ్చేది ఎలక్ట్రిక్. టూ స్ట్రోక్ పాతవి అయితే లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోయాలి. విడి భాగాలు దొరకడమే గగనం.

పెట్రోలు స్కూటర్‌కు ఎలక్ట్రిక్ కిట్ బిగించుకోవచ్చా? లేదా మోటారు, బ్యాటరీ తెప్పించి నేనే బండి చేసుకుంటే?

చేయడం సాధ్యమే. చక్రంలోనే ఉండే హబ్ మోటారు, కంట్రోలర్, లిథియం బ్యాటరీ, దాన్ని కాపాడే బీఎంఎస్ బోర్డు, ఛార్జర్: ఇంతే సామాను. 60 వోల్టులు, 30 ఆంపియర్-అవర్ల ప్యాక్ అంటే 1.8 కిలోవాట్-అవర్లు, 55 కిలోమీటర్లు రావచ్చు. ఐటీఐ చదివిన కుర్రాళ్లు చక్కగా బిగిస్తారు కూడా.

చిక్కు అంతా రోడ్డు మీదికి వచ్చాకే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసి ఉన్న దాన్ని సొంతంగా మార్చకూడదు. పెట్రోల్ అని ఉన్న చోట బ్యాటరీ అని మారాలంటే పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్‌నే, అదీ మీ మోడల్‌కు ఆమోదం ఉన్నదే, అనుమతి ఉన్న చోట బిగించి ఆర్టీఏలో నమోదు చేయాలి. ఆమోదం లేని కిట్ బండికి క్లెయిమ్ అడిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి తప్పించుకునే సందు మీరే ఇచ్చినట్టు. అన్నీ పద్ధతి ప్రకారం చేయించేసరికి అయ్యే ఖర్చుకు చిన్న బ్యాటరీ కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్ దగ్గరికి వచ్చేస్తారు.

సొంతంగా చేసుకోవాలన్న ఉత్సాహం ఉంటే సైకిల్‌తో మొదలుపెట్టండి. 250 వాట్ల మోటారు, 25 వేగం దాటనివ్వకుండా. విడి సెల్స్ కొని ఇంట్లో ప్యాక్ అంటించే పని మాత్రం వద్దు. బీఎంఎస్‌తో కట్టిన ప్యాక్, బిల్లుతో కొనండి.

షోరూంలో చెప్పిన ధర ఒకటి, కట్టేది ఇంకొకటి. ఎందుకు?

షోరూం ధర మీద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలుస్తాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఎలక్ట్రిక్ మీద 5 శాతమే. ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మన రాష్ట్రంలో 2026 డిసెంబర్ 31 వరకు పూర్తిగా మాఫీ, 2024 నవంబర్‌లో జీవో ఇచ్చారు. కాబట్టి ఎలక్ట్రిక్ కొటేషన్‌లో లైఫ్ ట్యాక్స్ అని కనిపిస్తే అక్కడే అడగండి. "హ్యాండ్లింగ్ ఛార్జీలు" అన్న లైను ఏ బండికి ఉన్నా కట్టనని చెప్పండి. యాక్సెసరీస్ ప్యాకేజీ కూడా మీ ఇష్టమే.

ఫైనాన్స్ దగ్గర వడ్డీ "ఫ్లాట్" అన్నారా, తగ్గే అసలు మీదనా అని అడగండి. 80 వేలు, మూడేళ్లు, ఫ్లాట్ 10 శాతం అంటే వడ్డీ 24 వేలు, నెలకు 2,889. అదే 10 శాతం తగ్గే అసలు మీద అయితే వడ్డీ 12,900, నెలకు 2,581. ఫ్లాట్ 10 అంటే నిజానికి 18 శాతం దగ్గర. మైలేజీలో రెండు కిలోమీటర్ల కోసం నాలుగు షోరూములు తిరిగినవాళ్లు ఇక్కడ 11 వేలు వదిలేసి వస్తారు.

పాత బండికి ఏ ఇన్సూరెన్స్ చాలు?

థర్డ్ పార్టీ తప్పనిసరి. 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, పైన జీఎస్టీ. మీ ప్రాణానికి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కలుపుకోండి. అయిదేళ్లు దాటిన స్కూటర్‌కు సొంత డ్యామేజీ పాలసీ అంతగా గిట్టదు. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి, అదే తరగతికి 3,851.

ఇథనాల్ పెట్రోలుతో మైలేజీ పడిపోయిందంటున్నారు.

కొంత నిజమే. 20 శాతం ఇథనాల్ కలిపితే పాత టూ వీలర్లలో 3, 4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. 50 ఇచ్చేది 48 ఇస్తుంది. 50 నుంచి 38కి పడితే అది ఇథనాల్ కాదు, మీ బండి. మైలేజీ చూడాలంటే ఒకే బంకులో నిండా కొట్టించి, 200 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అక్కడే నిండా కొట్టించి లెక్క వేయండి. కొలత మీద అనుమానం ఉంటే బంకులో అయిదు లీటర్ల కొలపాత్రతో చూపించమని అడిగే హక్కు మీకుంది.

సర్వీసింగ్ ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

ఇంజన్ ఆయిల్‌ను మాత్రం సాగదీయకండి. స్కూటర్‌లో పట్టేది ముప్పావు లీటరే, అది తగ్గినా తెలియదు. నెలకోసారి స్టిక్ తీసి చూడండి. గ్రానైట్, క్రషర్ దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకంలో రాసిన గడువులో సగానికే మార్చాలి. పాత రకం బ్యాటరీలో బోరు నీళ్లు పోయకండి. మన నీళ్లలో ఉన్న ఉప్పులకు పళ్లే ఆగలేదు, ప్లేట్లు ఏం ఆగుతాయి? డిస్టిల్డ్ వాటర్ సీసా ఖర్చు పెద్దదేం కాదు. గాలి పదిహేను రోజులకోసారి, బండి మీద స్టిక్కర్లో ఉన్నంత. ఇద్దరు ఎక్కితే వెనక టైరుకు వేరే అంకె ఉంటుంది, అదీ చూడండి.

కిక్ లేని స్కూటర్ కొనొచ్చా?

ఊరి బయట తిరిగేవాళ్లయితే కిక్ ఉన్నదే అడగండి. బ్యాటరీ మూడేళ్లకు ఎప్పుడో ఒక పొద్దున చేతులెత్తేస్తుంది, బెల్టు బండిని తోసి స్టార్ట్ చేయడం కుదరదు.